జీరంగి మీద రెండో వెలుగు

అక్క ఏ బొమ్మ మొదలుపెట్టినా ముందు దీపం పెట్టేది.

దీపం అంటే నూనె, వత్తి ఉన్నది కాదు. కంప్యూటర్లో కొత్త ఫైలు తెరవగానే అన్నిటికంటే పైన ఒక ఖాళీ పొర వేసి, దాని మీద ఎడమవైపు పై మూలన పసుపుపచ్చ చుక్క ఒకటి పెట్టేది. గుడ్డు సొనంత ఉండేది. ఆ పొరకి ‘దీపం’ అని పేరు రాసేది. ఆ తర్వాత చెంబు గీసినా, చెప్పు గీసినా ఆ చుక్క వైపున్న భాగం మెరవాలి, అవతలి భాగం మీద నీడపడాలి. బొమ్మ పూర్తయ్యాక దీపం పొరని కనపడకుండా ఆపేసి తమ్ముడికి ఇచ్చేది. తమ్ముడి పని ఆ బొమ్మని రకరకాల కొలతల్లో కత్తిరించి పంపడం. ఫోన్లోకి గోరంత, డబ్బాల మీదకి అరచేయంత, గోడకి తలుపంత.

"ఒక బొమ్మకి ఒకటే దీపం రా. రెండోది పెట్టావంటే అది ప్లాస్టిక్ అయిపోతుంది" అనేది అక్క.

వాళ్ళు పనిచేసే బొమ్మల షాపు సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఉంది. కిటికీ అద్దాలకి గోధుమరంగు కాగితం అంటించారు, ఎండ పడితే తెర మీద రంగులు తప్పు కనపడతాయని. పక్కపక్కన రెండు బల్లలు. కుడిపక్కది అక్కది, ఎడమపక్కది తమ్ముడిది. వెనక అద్దాల గదిలో యజమాని. ఆయనకి ఏ బొమ్మ చూపించినా "ఇంకొంచెం" అనేవాడు. ఇంకొంచెం ఎరుపు, ఇంకొంచెం లావు, ఇంకొంచెం నవ్వు. అందుకని ఆయన వెనకాల ఆయన పేరు ఇంకొంచెంగారు.

తమ్ముడు ఊళ్ళో బడి చదువు అయ్యాక ఏం చెయ్యాలో తోచక తిరుగుతుంటే, అక్క తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. కోడెదూడని ముసలెద్దు పక్కన కాడికి కట్టినట్టు. గీసే పలక మీద పెన్ను ఎంత నొక్కాలో, ఎప్పుడు ఎత్తాలో ఆమే చెప్పింది. మిగతావన్నీ వచ్చాయి గాని మెరుపు వెయ్యడం మాత్రం అతనికి రాలేదు. అతను వేస్తే సున్నం చిందినట్టు ఉండేది.

పిల్లల ఫోన్ ఆటలు తయారుచేసేవాళ్ళు పురుగుల బొమ్మలు కావాలని వచ్చారు. మొదటిది జీరంగి. ఆకుపచ్చగా తళతళలాడాలి, బుగ్గలుండాలి, నవ్వాలి.

"జీరంగి నవ్వడం ఎక్కడైనా చూశావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"నవ్వే యజమానిని ఎక్కడైనా చూశావా? ఆయన్నే గీశాం కదా పోయిన పండక్కి, కార్డు మీద" అంది అక్క, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

ఆమె గియ్యడం అతను పక్కనుంచి చూశాడు. ముందు నల్లగీత. వీపు గుండ్రంగా, మధ్యలో రెక్కలు విడిపోయే చీలిక. దాని కింద పొరలో ముదురాకుపచ్చ. దాని మీద లేతాకుపచ్చ, అంచుకి వెళ్ళేకొద్దీ నీలంలోకి జారుతూ, చివర రాగిరంగు పిసరంత. నిజం జీరంగిని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పితే అలాగే రంగు మారుతుంది. ఇద్దరూ చిన్నప్పుడు తుమ్మచెట్ల కింద ఏరినవాళ్ళే. ఇక మిగిలింది అన్నిటికంటే పైన పడే మెరుపు, అది వేసేలోపు అతను తన పనిలోకి తిరిగాడు. దీపం వైపు రెక్క మీద తెల్లటి కోలవెలుగు, అంచులు పొగలా కరిగిపోతూ పడాలి. అవతలి రెక్క మీద సన్నటి చంద్రవంకలాంటి గీత, నేల మీంచి తిరిగి వచ్చే వెలుగు. ఆ రెండూ పడితే పురుగు లేచి కూర్చుంటుంది.

పురుగుల బొమ్మ ఎవరైనా సగమే గీస్తారు. కుడి సగం గీసి, దాని నకలు తీసి, అద్దంలోలాగా తిప్పి ఎడమవైపు అతికిస్తారు. పని సగం తగ్గుతుంది. అక్క ఎప్పుడూ అలా చేసేది కాదు. "తిప్పితే వెలుగు కూడా తిరుగుతుంది. సూర్యుడు రెండువైపులా ఉంటాడా?" అనేది.

ఫైలు తమ్ముడి దగ్గరికి వచ్చింది. తెరిచి చూశాడు. కుడిరెక్క చంద్రవంకతో సహా పూర్తయింది. ఎడమరెక్క కింది సగమూ బాగానే ఉంది. పైన మాత్రం, ఎక్కడ కోలవెలుగు పడాలో అక్కడ, ఏమీ లేదు. పచ్చరంగు పరిచినట్టు ఉంది, వెల్లవేసేవాడు నిచ్చెన అందక వదిలేసిన గోడలాగా. ఎడమ మీసానికి గీత ఉంది గాని రంగు లేదు. పక్కన కుంచె తగిలిన మరక ఒకటి అలాగే ఉండిపోయింది. కోలవెలుగు వేసిన పొర ఉంది. కాని ఆ వెలుగు రెక్క మీద కాదు, రెక్క దాటి బయట పడింది. తెల్లటి కాగితం మీద తెల్లటి వెలుగు.

"అక్కా" అని పిలవబోయాడు.

అప్పుడే అద్దాల గదిలో ఇంకొంచెంగారి గొంతు పెద్దదైంది. షాపులో రంగులు వేసే రంగుల పెద్దాయన్ని ఆ వారమే పనిలోంచి తీసేసి ఇంటి దగ్గర కూర్చోమన్నారు. ఆయన అక్కకి కూడా గురువు. నారింజ అడిగితే ఎరుపు వేశాడు, అంతే. ఆయన సామాను సంచీలో సర్దుకుని మెట్లు దిగుతుంటే అందరూ తెరల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు ఆయన కొడుకు వచ్చి ఏదో అడుగుతున్నాడు.

తమ్ముడు పిలవలేదు. అక్క తొందరలో వదిలేసి ఉంటుంది అనుకున్నాడు. తనకి ఆ వెలుగు వెయ్యడం రాదు. కుడిరెక్క నకలు తీశాడు. చంద్రవంక సరిపోదని దాన్ని కాస్త లావు చేశాడు. తిప్పి ఎడమవైపు అతికించాడు. మీసం కూడా అంతే. మరక తుడిచేశాడు. ఇప్పుడు జీరంగి రెండువైపులా మెరుస్తోంది.

ఇంకొంచెంగారు దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. ఇంకొంచెం అనలేదు.

"ఇదీ మెరుపంటే! ఎవరు చేశారు?"

"అక్కే సార్" అన్నాడు తమ్ముడు. ఊరుకుంటే పోయేది. "చివర్లో నేను కొంచెం సర్దాను" అన్నాడు.

ఇంకొంచెంగారు అతని భుజం తట్టాడు. ఆ పూటంతా ఆ భుజం అతనికి వేరేగా అనిపించింది.

తర్వాత తేనెటీగ వచ్చింది, తూనీగ వచ్చింది, చుక్కల పురుగు వచ్చింది. ప్రతిదానికీ ఎడమవైపు పైన ఏదో ఒకటి తక్కువ. తేనెటీగ రెక్క ఒకటి సగంలో ఆగింది. చుక్కల పురుగుకి ఆ మూలన చుక్కలే లేవు. అతను తిప్పి అతికించాడు. అదొక అలవాటైంది. అక్క ఫైలు రాగానే ముందు ఆ మూలకే చూసేవాడు. పొద్దున్నే పాలగిన్నెలో బల్లి పడిందేమోనని చూసుకున్నట్టు. ప్రతిసారీ పడే ఉండేది. తీసి పారేసి, పాలు అందరికీ పోసేవాడు.

ఇంట్లో కూడా చూశాడు. అక్కా బావా తమ్ముడూ అందరిదీ ఒకే ఇల్లు, రెండు గదులూ వంటగదీ. వంటగదిలో పొయ్యి పైన గోడ అలమార. దాని రెక్క తెరిచి ఉంటే అక్క నుదురు ఎడమపక్క కొట్టుకునేది. బావని తిట్టేది.

"తెరిచినవాడికి మూసే చేతులుండవా? ఈ ఇంట్లో సామానంతా నా మీద పగబట్టింది."

"నీ నోరు చూసి భయపడుతున్నాయే, పగెక్కడిది" అనేవాడు బావ.

తమ్ముడు ఎడమపక్కనుంచి వెళ్తే ఉలిక్కిపడేది. "దొంగలా వస్తావేంట్రా!" అనేది. అతను కుడిపక్కనుంచి వెళ్ళడం మొదలుపెట్టాడు. అలా ఎందుకు వెళ్తున్నాడో తనకి తెలుసు. తెలియనట్టు వెళ్ళేవాడు.

బావ సరుకులు చేరవేసే వ్యాను నడుపుతాడు. ఒక ఆదివారం దాన్ని కడుగుతూ, "ఏం బామ్మర్దీ, ఆ బకెట్టు ఇలా అందుకో" అని పిలిచాడు. నీళ్ళు పోస్తూ పోస్తూ ఆగాడు.

"మీ అక్క ఈమధ్య అన్నిటికీ గుద్దుకుంటోంది. నిన్న గుమ్మానికి తగిలింది. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామంటే, రోజంతా సన్నపని చేస్తున్నాను, నా కళ్ళకేం రోగం అంటుంది. నువ్వు పక్కనే కూర్చుంటావు కదా. షాపులో పని బాగానే చేస్తోందా?"

సబ్బు నీళ్ళు చక్రం మీంచి కారి అతని కాళ్ళ దగ్గరికి వచ్చాయి. జీరంగి, తూనీగ, తేనెటీగ అన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. చెప్తే బావ అక్కతో అంటాడు. అక్క యజమానితో అంటుంది, దాచుకునే మనిషి కాదు. రంగుల పెద్దాయన సంచీ గుర్తొచ్చింది. తన భుజం కూడా గుర్తొచ్చింది.

"బ్రహ్మాండంగా చేస్తోంది బావా. నలుసంత తప్పు కూడా ఉండదు."

"అయితే సరే. పరధ్యానం అన్నమాట" అన్నాడు బావ. ఆ మాటతో డాక్టరు సంగతి మరుగున పడిపోయింది.

ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. ఆట జనంలోకి వెళ్ళింది. ఆడేవాళ్ళకి పంచడానికి పెద్ద బొమ్మలు అచ్చువేశారు. ఆ కట్టలు చేరవేసే పని బావ వ్యానుకే వచ్చింది. చిరిగిన కట్టలోంచి ఒకటి ఇంటికి తెచ్చాడు. తలుపంత జీరంగి. మడతపెట్టి మొహం, రెక్కల పైభాగం వరకు కత్తిరించి, వంటగది అలమార రెక్కకి లోపలివైపు అంటించాడు. రెక్క తెరిస్తే జీరంగి మొహం గదిలోకి తిరుగుతుంది.

"ఇక దీన్ని చూసైనా ఆగు. మీ తమ్ముడూ నువ్వూ కన్న బిడ్డే కదా" అన్నాడు.

అక్క నవ్వుతూ గదిలోంచి వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగింది. అంత దూరంనుంచి బొమ్మ మొత్తం ఆమె చూపులో పట్టింది. నవ్వు ఆగింది.

"ఇదేంట్రా, రెండు వెలుగులు?"

తమ్ముడు అన్నం కలుపుతున్నాడు.

"అడిగారక్కా. రెండువైపులా మెరవాలన్నారు."

"నేను పెట్టిన కోలవెలుగు ఏమైంది? ఇది నాది కాదు. ఇది తిప్పి అతికించింది." దగ్గరికి వచ్చి వేలితో రాసి చూసింది, వేలికి అంటుతుందేమో అన్నట్టు. "అడిగితే నాకు చెప్పద్దా? రేపు ఫైలు చూస్తా."

ఆ రాత్రి అతను ఆమె ఫైళ్ళు చెరిపేద్దామా అనుకున్నాడు. పొద్దున్న ఆమెకంటే ముందు వెళ్తే చాలు. నిద్ర లేచి చొక్కా వేసుకుని కూడా మంచం మీదే కూర్చుండిపోయాడు. అక్క వచ్చి, "ఏంట్రా, పెళ్ళిచూపులకా, ఇంత పొద్దున్నే తయారయ్యావు" అంది. కలిసే వెళ్ళారు.

అక్క తన మొదటి జీరంగిని తెరిచింది. తమ్ముడు తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె చాలాసేపు చూసింది. కుడిరెక్క, చీలిక, బుగ్గలు. పొరల వరసలోకి వెళ్ళి దీపం పొరని వెలిగించింది. మళ్ళీ బొమ్మ వైపు చూసింది.

"నా దీపం ఏదిరా? తీసేశావా?"

అతను ఆమె తెర వైపు చూశాడు. ఎడమవైపు పై మూలన పసుపుపచ్చ చుక్క ఉంది. గుడ్డు సొనంత.

"ఒరేయ్, నిన్నే. ఫైలు పాడుచేశావా?"

"ఉందక్కా."

"ఎక్కడ?"

లేచి ఆమె వెనక నిలబడ్డాడు. "తల కొంచెం ఎడమకి తిప్పు. పైకి."

ఆమె తల తిప్పింది. చుక్క కనపడింది. తల మామూలుగా పెట్టింది. మళ్ళీ తిప్పింది. ఇంకోసారి. చెట్టు చాటున ఎవరో ఉన్నారేమోనని తొంగిచూసే మనిషిలా. తర్వాత రెక్క వైపు తిప్పి వెలుగు లేని పచ్చదనం చూసింది, రెక్క బయట తెలుపు మీద పడిపోయిన తన వెలుగుని చూసింది. తేనెటీగ తెరిచింది. తూనీగ తెరిచింది. ప్రతిదానికీ తల తిప్పి చూసింది.

"అన్నీ నువ్వే అతికించావా?"

"ఆఁ."

"మొదటిదాన్నించీ తెలుసా?"

"మొదట తొందరలో వదిలేశావనుకున్నా. తర్వాత తెలుసు." ఆగి, "చెప్తే నీ సీటు పోతుందనుకున్నానక్కా" అన్నాడు.

"నా సీటు సంగతి నేను చూసుకునేదాన్ని రా." గొంతు పెంచలేదు. "తప్పు కనపడితేనే కదా నాకు తెలిసేది. నా తప్పులన్నీ తుడిచి చేతిలో పెట్టావు."

కళ్ళ డాక్టరు దగ్గర అక్కని గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. లోపల చుక్క వెలిగినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. తమ్ముడూ బావా తెరకి ఇవతల బల్ల మీద కూర్చున్నారు. టిక్కు, టిక్కు అని వినపడేది. మధ్యలో చాలాసేపు ఏమీ వినపడేది కాదు. ఆ నిశ్శబ్దంలో కూడా లోపల చుక్కలు వెలుగుతూనే ఉన్నాయని అతనికి తెలుసు.

అక్క బయటికి వచ్చి, "మధ్యలో యంత్రం ఆగిపోయినట్టుందండీ" అంది.

"ఆగలేదమ్మా" అన్నాడు డాక్టరు. కంటి వెనక నరం దెబ్బతింటోందన్నాడు. నొప్పి ఉండదు, అంచుల్నించి మెల్లగా తినుకుంటూ వస్తుంది, అందుకే మనిషికి తెలియదన్నాడు. పోయింది తిరిగి రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. "ఎప్పట్నించి ఉంది ఇది?"

"ఈమధ్యే అనుకుంటానండీ. నిన్ననే తెలిసింది" అంది అక్క.

బావ తలూపాడు. డాక్టరు రాసుకోబోయాడు.

"కాదండీ" అన్నాడు తమ్ముడు. ముగ్గురూ అతని వైపు తిరిగారు. "ఎండాకాలం ముందునించి ఉంది. అప్పుడు ఆ మూలన మాత్రమే. తర్వాత కిందికి దిగుతూ వచ్చింది. చుక్కల పురుగు గీసేటప్పటికి ఇక్కడిదాకా వచ్చింది." గాలిలో చేత్తో చూపించాడు.

"మరి అప్పుడే రావాల్సింది కదయ్యా" అన్నాడు డాక్టరు. కోపంగా అనలేదు. "చాలా మిగిలేది."

బావ వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి ఆపాడు.

"నేను నిన్నే అడిగాను కదా బామ్మర్దీ" అన్నాడు.

తాళాలు జేబులో వేసుకుని లేచాడు.

బావకి సరుకు దించే పని ఉంది. అక్కా తమ్ముడూ బస్సులో బయలుదేరారు. అతను అలవాటుగా కుడిపక్క కూర్చోబోయాడు.

"అటు కాదు. ఎడమపక్క కూర్చో" అంది అక్క.

"అటు నీకు కనపడదు కదక్కా."

"అందుకే."

అతను ఎడమపక్క కూర్చున్నాడు. ఆమె ముందుకే చూస్తోంది. దారంతా అతను ఆమె చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు చూస్తూ కూర్చున్నాడు. ఏడ్చినా ఆమెకి కనపడదు. ఏడవడానికి కూడా అతనికి సిగ్గేసింది.

మర్నాడు అక్క అద్దాల గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంకొంచెంగారు గడ్డం గోక్కుని, "ఇంకొంచెం రోజులు చూద్దాంలే అమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ మాట మొదటిసారి చెవికి ఇంపుగా వినపడింది. అయినా అది భరోసా కాదని ఇద్దరికీ తెలుసు.

అక్క తన కుర్చీని తమ్ముడి బల్ల దగ్గరికి జరిపింది. అతనికి ఎడమపక్కన కూర్చుని, తల కొంచెం వంచి పెట్టింది.

"జీరంగి తెరువు. నా ఫైలు. నువ్వు అతికించింది కాదు."

తెరిచాడు.

"దీపం వెలిగించు."

వెలిగించాడు.

"పెన్ను తీసుకో. ఆ వెలుగు వెయ్యి."

"నాకు రాదక్కా."

"నాకు కనపడదు. ఎవరో ఒకరు వెయ్యాలి కదా."

అతను పెన్ను పట్టాడు. పలక మీద నెమ్మదిగా ఒత్తి, రెక్క ఒంపు వెంట లాగాడు. అంచులు కరిగించాడు. ఆమె తల తిప్పి తిప్పి చూస్తోంది, ముక్క ముక్కగా. ఒక ముక్క చూసి రెండో ముక్కకి వెళ్ళేసరికి మొదటిది వదులుతోంది. కాసేపటికి చూడడం మానేసి కళ్ళు మూసుకుంది. పొద్దున్న వేసుకున్న మందు తడి రెప్పల మీద ఇంకా ఉంది.

"మెరిసిందా?" అంది.

అతను చూశాడు. దగ్గరగా చూశాడు. కుర్చీ వెనక్కి జరిపి దూరంగా చూశాడు. ఇంకొంచెంగారికి చూపిస్తే బాగానే ఉందంటాడు. ఆటలో గోరంత బొమ్మలో ఎవరికీ తేడా తెలియదు. మెరిసిందక్కా అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, అంత అలవాటైపోయింది దానికి.

"లేదు" అన్నాడు. "సున్నం చిందినట్టుంది."

అక్క కళ్ళు తెరవలేదు.

"చెరిపెయ్. మళ్ళీ వెయ్యి."